బాపు గుండెకు జుంటి తేనె

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం మా బాపుకు గుండెపోటు వచ్చింది. మహబూబ్‌నగర్ దవాఖానలో స్టెంటు వేశారు. మూడు నెలలు మంద వెంట పోవద్దని, గోళీలు ఒక్క పూట కూడా మానొద్దని, ఆ తర్వాత పరీక్ష చేసి చెబుతానని డాక్టరమ్మ పంపించింది. కోస్గి పక్క గుట్టల్లో చిన్ననాటి నుంచీ గొర్రెలు కాసిన మనిషి ఆయన. మంచంలో పడుకుని మంద అరుపులు వినడం కంటే ఆ నొప్పే నయమనేవాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. కుట్టుమిషన్ ముందు కూర్చుని జాకెట్లు కుడుతూనే ఆయన మీద ఒక కన్నేసి ఉంచేదాన్ని. ఉంచాననే అనుకున్నాను.

బాపుతో కలిసి గొర్రెలు కాసే ఒకాయన ఉన్నాడు, బాపుకు వరసకు బావ. ఆ మూడు నెలలూ రెండు మందలనూ తనే తోలుకుపోతూ, వారానికోసారి మోదుగాకు దొన్నెలో జుంటి తేనె తెచ్చిచ్చేవాడు. చిన్న తేనెటీగలు పొదల కొమ్మలకు పెట్టే ఆ తేనె గుండెను గట్టి చేస్తుందని మా అవ్వ కాలం నుంచీ నమ్మకం. బాపుకు షుగర్ లేదు. చెంచాడు తేనె నాకితే పోయేదేముందిలే అనుకున్నాను.

పోయేదేమిటో నెల తర్వాత తెలిసింది. గొంగడి దులపబోతే మడతలోంచి గోళీల అట్టలు జారిపడ్డాయి. ఒక్కటీ విప్పలేదు. అడిగితే ఆయన తొణకలేదు.

"నొప్పి తగ్గింది గదా బిడ్డా. లేచి మేసే గొర్రెకు మందెవడు పోస్తడు? ఇగ తేనె సాలు."

కాపరుల లెక్క అంతే. పడిపోయిన జీవానికి మందు పోస్తారు, మేత అందుకోగానే ఆపేస్తారు. బాపు తన గుండెకూ అదే లెక్క కట్టాడు. నేను తిట్టాను, ఏడ్చాను, మర్నాడు బస్సెక్కించి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను. తేనె గుండెకు దెబ్బ తగలకుండా కాపాడుతుందేమోనని ఎలుకల మీద చూస్తున్నారట, కొంత మంచి కనబడుతోందట, మనుషుల్లో మాత్రం ఇంకా రుజువు కాలేదట. తినొచ్చు గానీ గోళీల బదులు కాదని, స్టెంటు మళ్లీ మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుందని గట్టిగా చెప్పింది. బాపు విన్నది మొదటి సగమే. బస్సులో దారి పొడుగునా తేనె మంచిదన్నది విన్నవా అని నన్నే దెప్పాడు.

ఊళ్లో దిగేసరికి మందలన్నీ ఒకచోట చేర్చి, వానలు పడకముందే చిటుకు రోగానికి టీకాలు వేస్తున్నారు. నాకు అక్కడే తట్టింది.

"బాపూ, గీ సూది ఏ గొర్రెలకు ఏపిస్తవు?"

"అన్నిటికీ."

"మంచిగ మేసేటియాటికి గూడానా?"

"మేసేటియే గదా నిలబడ్డకాడ పడి సచ్చేది. రోగమొచ్చినంక సూది ఏసి ఏం..." అంటూ ఆగిపోయాడు.

"మరి నువ్వు?" అన్నాను.

 ఇంటికి రాగానే బాపు చెంబుతో నీళ్లు తెమ్మన్నాడు. గోళీలు మింగి నోరు తెరిచి మరీ చూపించాడు, మొండి మనిషి. తర్వాతే తేనె నాకాడు. ఆ వరస ఇక తప్పలేదు.

మూడు నెలలు నిండాక పరీక్ష చేసిన డాక్టరమ్మ నవ్వి, మెల్లగా మంద వెంట నడవమంది. అందులో తేనె వాటా ఎంతో నాకు తెలియదు. బాపు సగం అంటాడు, పోనీలే అని నేనూ ఒప్పుకున్నాను. మర్నాడు ఆయన మంద ముందు నిలబడి కేక వేశాడు. ఆ గొంతు విని గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తి ఆయన వైపు ఉరికాయి. నేను వాకిట్లో నిలబడి సిగ్గు లేకుండా ఏడ్చాను. గెలిచామని ఊరంతా వినబడేలా అరవాలనిపించింది.

ఆ చలికాలంలో ఒక పొద్దున, తేనె తెచ్చిచ్చే ఆ బావ మా అరుగు మీద కూలబడ్డాడు. చలిలోనూ చెమటలు. రొమ్ము రాసుకుంటూ ఇంత తేనె పొయ్యమని అడిగాడు. నేను ఫోను అందుకునేలోపే బాపు ఆయన రెక్క పట్టుకున్నాడు.

"తేనె యాడికి పోదు బావా. ముందు దవాఖానకు నడువు."

పక్కింటి ఆటోలో తనే ఎక్కించుకుని పోయాడు. పది రోజులకు బావ స్టెంటుతో తిరిగొచ్చి మంచంలో పడుకున్నాడు. అప్పట్నుంచి మూడు నెలలు, రెండు మందలూ తోలుకుపోయే ముందు, బాపు రోజూ ఆయన మంచం పక్కన నిలబడి గోళీలు మింగించి, నోరు తెరవమనేవాడు.