పెద్దమ్మ చాటలో పూలవిత్తనాలు

మా చిన్నప్పుడు కోత పండగ వచ్చిందంటే చర్చి ముందు గుమ్మడికాయలు, వడ్ల బస్తాలు, కాళ్లు కట్టేసిన కోళ్లు... అందరూ తమ పంటలో మొదటిది దేవుడికి తెచ్చి పెట్టేవాళ్లు. మా పెద్దమ్మ మాత్రం చాటనిండా పూలవిత్తనాల పొట్లాలు పెట్టుకుని వచ్చేది.

మాది సముద్రం పక్కన, కోట అనే ఊరి దగ్గర పల్లె. పెద్దమ్మకి సెంటు పొలం లేదు. ఉన్నదల్లా ఇంటి చుట్టూ పూలచెట్లు... బంతి, చంద్రకాంత, కోడిజుట్టు, శంఖుపూలు. నా పంట ఇదే అనేది. ప్రార్థన అయ్యాక ఇంటికో పొట్లం పంచేది.

మా సంఘపెద్దకి నోరు కాస్త ఎక్కువ. ఇవి కూరకొస్తాయా, చారుకొస్తాయా అని ప్రతి ఏడూ ఎగతాళి చేసేవాడు. పెద్దమ్మ నవ్వి ఆయన చేతిలోనూ ఒక పొట్లం పెట్టేది.

విత్తనాలు తియ్యడంలో ఆమె ఓపిక చూసి తీరాలి... బంతిపువ్వు చెట్టుమీదే ఎండేదాకా ఆగేది. మిరియాల్లా రాలిన చంద్రకాంత గింజల్ని పొద్దున్నే వంగి ఏరేది. అన్నిటికంటే గడుసుది కాశీతుంబ. కాయ పండాక వేలు తగిలితే చాలు, చిట్లి గింజలన్నీ చిమ్మేస్తుంది. అందుకే కాయ కాస్త పసుపు తిరగ్గానే పాతచీర పేలికతో దానికి మూట కట్టేది. పిల్లల్ని ఆ ఛాయలకి రానిచ్చేది కాదు.

అందులోనూ తెల్ల ముద్ద కాశీతుంబ అంటే ఆమెకి ప్రాణం. అది మా అమ్మమ్మ చేతి విత్తనం. అమ్మమ్మ పోయాక గుర్తుగా మిగిలింది అదొక్కటే.

ఒక ఏడు తుపాను వచ్చింది. సముద్రపు నీళ్లు పెరట్లో నిలిచి చెట్లన్నీ మాడిపోయాయి. ఇంటి పెంకులు లేచిపోయి, అటక మీద బూడిద కలిపి దాచిన విత్తనాల సీసాలు కూడా పోయాయి. ఇల్లు పోయినందుకు పెద్దమ్మ ఏడవలేదు... "మా అమ్మ పువ్వు పోయిందే" అని ఏడ్చింది.

ఆ ఏడు కోత పండక్కి ఎవరి దగ్గరా పెద్దగా వడ్లు లేవు. పెద్దమ్మ ఖాళీ చాట పట్టుకుని వచ్చింది. ఇదెందుకు తెచ్చావక్కా అని మా అమ్మ అడిగితే, "ఉన్నదే గదా తేవాల్సింది" అంది.

ప్రార్థన అయ్యాక, నీళ్లెక్కని మెరకవీధి నుంచి వచ్చిన ఒకామె ఆ చాటలో చిన్న పొట్లం వేసింది. నువ్విచ్చిన బంతి విత్తనమేనమ్మా అంది. ఆమె వెనక ఇంకొకరు చంద్రకాంత... ఆ వెనక కోడిజుట్టు... పెద్దమ్మ ఒక్కో పొట్లం విప్పి చూస్తోంది. కళ్లనిండా నీళ్లు. కానీ కాశీతుంబ లేదు. చిట్లే కాయ నుంచి విత్తనం తియ్యడం ఎవరికీ చేతకాలేదు.

అందరికంటే చివర సంఘపెద్ద వచ్చాడు, చేతిలో బొక్కెనతో. అందులో వేళ్లూ మట్టీతో సహా పెరికి తెచ్చిన మొక్క... తెల్ల ముద్ద పూలు, వాటి కింద కాయలు.

"నువ్విచ్చిన పొట్లం దిబ్బలో పారేసినా అక్కా. అక్కడే మొలిచింది. కాయ ముట్టుకుంటే చిట్లిపోతా ఉంది... అందుకని చెట్టే తెచ్చినా" అన్నాడు, తల ఎత్తకుండా.

పెద్దమ్మ ఒక కాయని గుప్పిట్లో మూసి మెల్లగా నొక్కింది. గుప్పిలి తెరిచి, ఆ గింజల్లో సగం ఆయన జేబులోనే వేసింది.

"ఈసారి గూడా దిబ్బలోనే వెయ్యి తమ్ముడూ" అంది.

ఎంత మనిషండీ మా పెద్దమ్మ... ఇప్పుడామె లేదు, ఆయనా లేడు. వెంకటాచలంలో మా మిద్దెమీద కుండీలో ఆ తెల్ల కాశీతుంబ ఇంకా పూస్తోంది. మొన్న పక్కింటావిడ చూసి ముచ్చటపడితే విత్తనాలిస్తానన్నాను. మీకెందుకండీ శ్రమ, ఆన్‌లైన్లో ప్యాకెట్ దొరుకుతుంది గదా అంది.

దొరుకుతుంది... మన దగ్గర పోయిననాడు తిరిగి తెచ్చిచ్చేవాళ్లే దొరకరు.

మీ ఇంట్లో ఎవరి చేతి విత్తనం ఇంకా మొలుస్తోంది? చెప్పండి... వీలైతే నాకూ ఒక చిటికెడు దాచండి.