వడ్ల హౌజులో బాప్తిస్మం

తప్పు నాదే. మిర్యాలగూడ పక్కన మా సాగర్ కాలువకు నీళ్లు వారబందీలో వస్తాయి. కొన్ని రోజులు వదులుతారు, కొన్ని రోజులు ఆపేస్తారు. నా బాప్తిస్మానికి ఆదివారం ఖాయం చేసేముందు, గేట్లు చూసే లష్కరును అడిగి రమ్మని పాస్టరయ్యగారు నన్నే పంపారు. నేను అడగలేదు. వేళ్ల మీద లెక్కేసుకుని, "ఉంటయి అయ్యగారూ, నిండుగ ఉంటయి" అని చెప్పేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. తెల్లబట్టలు కట్టుకుని, సంఘమంతా పాటలు పాడుకుంటూ వెళ్లి చూస్తే కాలువలో బురద, ఆ బురదలో రెండు కొంగలు.

గట్టు మీద నా భార్య నిలబడి ఉంది. నా తాగుడు భరించలేక బిడ్డను తీసుకుని కోదాడ అవతల అనంతగిరిలో తల్లిగారింటికి వెళ్లిపోయి రెండేళ్లయింది. నేను మందు మానేసి ఎనిమిది నెలలైందని ఎవరు చెప్పినా నమ్మలేదు. ఎట్లా నమ్ముతుంది? ఇదివరకు వేసిన ప్రతి ఒట్టూ తీసి గట్టున పెట్టినవాణ్నే కదా. "దేవుని ముంగట, అందరు సూస్తుండంగ మునిగితే అప్పుడు ఆలోచిస్త" అని కబురు పంపి, బిడ్డను తల్లి దగ్గర వదిలి, పొద్దున్నే బస్సెక్కి వచ్చింది.

ఎండిన కాలువను చూసి, "నువ్వింకా గంతే. నోటితోని చెప్పుడే" అని రోడ్డు వైపు తిరిగింది. వచ్చేవారం అంటే ఆమె ఇక రాదు. ఆమె వెళ్లిపోతే నేను వైన్స్ దాటి ఇంటికి చేరతానా అంటే, ఆ నమ్మకం నాకే లేదు.

"ఉప్పుడు బియ్యం మిల్లుల హౌజు ఉంటది గద" అన్నారు అయ్యగారు. హౌజంటే వడ్లు నానబెట్టే సిమెంటు తొట్టి. నన్ను పనిలోంచి తరిమేసిన మిల్లే అది! ఒకనాడు తాగి పడుకుని, నానిన వడ్లలోంచి వేళకు నీళ్లు తీసేయక, హౌజెడు వడ్లు కుళ్లబెట్టాను. "మళ్ల గేటు కాడ కనబడితే కాళ్లిరగ్గొడ్త" అని మిల్లు సేటు మెడబట్టి గెంటాడు. ఆయన రోజూ గుడికి వెళ్లే మనిషి. మా ప్రార్థనలతో ఆయనకేం పని?

సంఘంలోని ఆడవాళ్లు నా భార్యను బతిమాలి మిల్లు దాకా తీసుకొచ్చారు. అయ్యగారు లోపలికెళ్లి, నేను మందు మానేసిన సంగతి చెప్పి హౌజు అడిగారు. సేటు బయటికొచ్చి నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"ఏందిరా, నువ్వా?"

"నేనే సేటు. తప్పయింది."

"తప్పయిందా? గా గబ్బు ఇంకా నా ముక్కులనే ఉన్నది. పాత హౌజు ఖాళీగున్నది, పోయి కడుక్కో. బోరు నేనేస్త."

చీపురు పట్టుకుని దిగాను. మూలల్లో జిగట పేరుకుపోయి ఉంది. తెల్లబట్టలు నల్లబడ్డాయి. తల వంచుకుని రుద్దుతుంటే పక్కన ఇంకో చీపురు చప్పుడైంది. నా భార్య! కుచ్చిళ్లు దోపుకుని నిచ్చెన దిగి వచ్చింది.

"ఏం సూస్తున్నవ్? ఆ మూలకు రుద్దు."

అబ్బ! రెండేళ్లలో ఆమె నాతో అన్న మొదటి మామూలు మాట అది. ఇద్దరం కలిసి హౌజంతా కడిగాం.

సేటు తనే మోటరు వేశాడు. నీళ్లు నడుము దాకా వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అంతసేపూ ఎవరూ ఇంటికి వెళ్లలేదు. అయ్యగారు నాతో పాటు నీళ్లలోకి దిగగానే, పైన సేటు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వడ్లు కుళ్లబెట్టినవాడి కోసం, కాపురం కుళ్లబెట్టినవాడి కోసం ఇంతమందిని నిలబెట్టావా దేవా! నేనెంతటివాణ్ని? అయ్యగారు నన్ను ముంచారు. నీళ్లలో ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు.

పైకెక్కి వచ్చాను. నా భార్య తువ్వాల నా భుజాన వేసి చెయ్యి చాపింది.

"ఇంటి తాళంచెవి ఇయ్యి. పోయి అన్నం వండుత."

అందరి ముందూ భోరున ఏడ్చాను.