లారీలు తగ్గాయి, షేరు పెరిగింది

ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు, సరిగ్గా రెండు గంటలు. మాచర్లలో మా ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ గేటు ఎదుట, టీ కొట్టులో కూర్చుని, బయటికి వచ్చే లోడు లారీలను నాన్న లెక్కపెట్టేవారు. తన పాత లారీ అమ్మిన సొమ్ముతో ఆ కంపెనీ షేర్లే రెండు వందలు కొన్నారాయన. పాలిటెక్నిక్ లెక్చరరునైన నేను పక్కనే కూర్చుని ఆ అంకెలను గ్రాఫుగా గీసేవాణ్ణి.

నాలుగేళ్ల క్రితం, మూడు నెలల్లో రోజువారీ సగటు నలభై ఒకటి నుంచి ఇరవై ఎనిమిదికి పడిపోయింది. కంపెనీకి నష్టం తప్పదని, త్రైమాసిక ఫలితాల ముందురోజే షేర్లన్నీ 312 రూపాయల చొప్పున పట్టుబట్టి అమ్మించాను.

మర్నాడు సెలవు పెట్టి నాన్నతో పాటు టీ కొట్టులోనే కూర్చున్నాను. మధ్యాహ్నం 1.40కి ఫలితాలు వచ్చాయి. అనుకున్నట్టే నష్టం! గర్వంతో అందరికీ టీలు ఇప్పించాను. పదిహేను నిమిషాల్లో షేరు 349కి ఎగసింది.

“నష్టమొస్తే ధర పెరగడమేందిరా?” అన్నారు నాన్న.

“ఇంతకంటే చానా ఎక్కువ నష్టం వస్తుందని మార్కెట్లో అందరూ భయపడ్డారు నాన్నా. అంత రాలేదని ఇప్పుడు కొంటున్నారు.”

టీ కొట్టు కోటేశు నవ్వాడు. “బాబాయ్, మీవోడు గ్రాఫు తలకిందులుగా పట్టుకున్నాడేమో చూడు!”

సిగ్గుతో తల దించుకున్నాను. నాన్న మాత్రం, “ఒరేయ్, లారీలు తగ్గినయ్యా లేదా? మన లెక్కలో తప్పేం లేదు. రేపు ఏడింటికి రా,” అన్నారు.

నాన్న పోయి రెండేళ్లయింది. చేతిలో ఒక్క షేరూ లేకపోయినా మేమిద్దరం లారీలు లెక్కపెట్టిన ఆ మర్నాటి ఉదయాన్ని మరవలేను.

తొందరపడి అమ్మడం వల్ల పోయింది 7,400 రూపాయలు. బ్రోకరేజీ, పన్నులు 118. టీలకు 90. మొత్తం 7,608.