బస్సు నిండా తువ్వాళ్ళు

బస్సు వచ్చే వేళకి అరగంట ముందే స్టాపులో లేకపోతే నాకు కాలు నిలవదు. మా ఆయన దీన్ని జబ్బంటారు. ఆ జబ్బే మా ఊరి బస్సుని కాపాడిందని నేనంటాను. పాప నిద్రపోయింది కాబట్టి అదేమిటో రాస్తాను.

మా ఊరు విజయనగరం రోడ్డుకి బాగా లోపలికి ఉంటుంది. మొన్నమొన్నటిదాకా షేర్ ఆటోలే దిక్కు. పట్నంలో ఒక బడివాళ్ళు నాకు టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. పాపని చూసుకుంటానని అత్తగారు ఒప్పుకున్నారు గానీ ఒక మెలిక పెట్టారు.

"ఆటోలో కాళ్ళు బయటికేలాడేసుకొని ఎల్తానంటే నానొప్పను. బస్సొస్తే ఎల్లు."

బస్సు రాదని ఆవిడ ధీమా.

గ్రామసభలో మా ఎదురింటి డిగ్రీ అమ్మాయి లేచి బస్సు అడిగింది. ఆమె వెనక మరికొందరు కాలేజీ పిల్లలు. పెద్దలకేమో తీరిగ్గా తిని బయల్దేరడానికి పదింటి బస్సు కావాలి. పిల్లలకి కాలేజీ వేళకి కావాలి. వాదన తెగక సర్పంచి గారు విసిగిపోయారు.

"అయితే డిపోకి మీరే ఎల్లి మాటాడుకోండి."

వదిలించుకోడానికన్న మాట అది. పిల్లలు నిజంగానే వెళ్ళారు. దారిలో ఏ ఊళ్ళో ఎవరెక్కుతారో, బస్సు ఏ మలుపులో తిరగగలదో బొమ్మ గీసి మరీ చూపించారు. డిపోవాళ్ళు ఒక వారం నడిపి చూస్తామన్నారు. చివరిరోజు ఆఫీసరు వచ్చి చూస్తారు, జనం లేకపోతే బస్సు ఉండదు.

ఆ వారం పనిలేనివాళ్ళు కూడా విజయనగరం వెళ్ళొచ్చారు. డిగ్రీ అమ్మాయి ఇంటింటికీ తిరిగి వంతులేసింది. ఒక తాత గంటస్తంభం దాకా వెళ్ళి, వెళ్ళినట్టే తిరిగొచ్చాడు.

"ఏటి సూసొచ్చావు తాతా?" అని అడిగితే, "టైము" అన్నాడు.

చివరిరోజు ఆఫీసరు జీపులో వస్తారనుకుని పంచాయతీ ఆఫీసు దగ్గర ఊరంతా దండతో సిద్ధమయ్యారు. ఈలోగా బస్సొచ్చింది. కిటికీల్లోంచి తువ్వాళ్ళు, జేబురుమాళ్ళు, ఒక గొడుగు సీట్ల మీద పడ్డాయి. సీట్లు దక్కాయి కదా, ఇంక తొందరేముందని అందరూ మళ్ళీ జీపుకి ఎదురుచూడ్డానికి వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే పాపతో ఎక్కి కూర్చున్నాను.

బస్సు కదిలింది. ముందు సీట్లో ఫైలు పట్టుకున్న పెద్దమనిషి లేచి వచ్చాడు. నా ఎదుటి సీట్లో తువ్వాలు పక్కకి జరిపి కూర్చున్నాడు.

"ఈ ఊళ్ళో ఎక్కేది మీరొక్కరేనా?"

అప్పుడర్థమైంది, ఆఫీసరు బస్సులోనే వచ్చారు. రోజూ అందరూ ఎక్కేదాకా ఆగే డ్రైవరు ఆవేళ క్షణం ఆలస్యం చెయ్యనిది అందుకే.

"లేదండీ, బస్సు నిండిపోయింది," అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూశారు. "ఆ గళ్ళ తువ్వాలు కిరాణా కొట్టాయనది. ఆ పొందూరు ఖద్దరుది సర్పంచి గారి నాన్నగారిది."

"మరి మనుషులేరీ?"

"మీకోసం చూస్తున్నారండీ."

ఆయన నవ్వలేదు. ఫైల్లో ఏదో రాసుకున్నారు. నా ఉద్యోగం ఆ గీతల్లో కొట్టుకుపోతున్నట్టనిపించింది. డిగ్రీ అమ్మాయికి ఫోన్ చేశాను. "ఆఫీసరు బస్సులోనే ఉన్నారే," అనగానే, "ఒలమ్మా, ఉండొదినా," అని పెట్టేసింది.

పక్క ఊళ్ళో బస్సు ఆగేసరికి వెనకాల హారన్లు కొట్టుకుంటూ ఆటోలొచ్చాయి. మా ఊరంతా దిగింది, దండతో సహా.

"ఇన్ని ఆటోలుండగా మీకు బస్సెందుకు?" అన్నారు ఆఫీసరు కిటికీలోంచి.

అందరూ బిక్కమొహాలేశారు. గ్రామసభలో ఏనాడూ నోరు విప్పని నేను అన్నాను: "ఒక్క ఆటోలోంచి ఎంతమంది దిగారో చూశారు కదండీ. రోజూ వాళ్ళ మీద ఇంకొకర్ని నేనెక్కాలి, ఇంటి దగ్గర చంటిపిల్లని పెట్టుకుని."

ఆయన నాకేదో చెప్పబోయారు. అంతలో అందరితో పాటు బస్సెక్కిన ఒక ముసలమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"లెగు బావూ. నా తువ్వాలది."

ఆయనెవరో ఆమెకెవరూ చెప్పలేదు. ఆయనా చెప్పలేదు, లేచారు. మరో సీటు ఖాళీ లేదు. మెడలో ఎవరో వేసేసిన దండతో, రాడ్డు పట్టుకుని విజయనగరం దాకా నిలబడే వచ్చారు. మలుపుల్లో ఆయన అవస్థ చూడలేక, "ఫైలివ్వండి, ఒళ్ళో పెట్టుకుంటాను," అన్నాను. ఇచ్చారు. దిగేలోగా పాప దాని మూల నమిలేసింది.

ఆ తడిసిన ఫైలుతోనే మా బస్సు ఖాయమైంది.

అత్తగారు మాట తప్పలేదు. పొద్దున్నే పాపని చంకనేసుకుని స్టాపుకి వస్తారు. అరగంట ముందే ఎందుకని దారంతా సణుగుతారు. బస్సు ఆగీ ఆగకముందే నా సీటు కోసం పాప గుడ్డొకటి కిటికీలోంచి లోపలికి విసురుతారు. పెద్దవాళ్ళ తువ్వాళ్ళనైతే జనం పక్కకి తోసేస్తారు గానీ, పసిపిల్ల గుడ్డని ఇంతవరకూ ఎవరూ కదపలేదు.