డార్విన్ మామిడిపండ్లు, కునునుర్రా సూర్యుడు

డార్విన్ నుంచి పక్క రాష్ట్రంలోని కునునుర్రాకి సుమారు నాలుగు వందల నలభై కిలోమీటర్లు, విమానంలో గంట ప్రయాణం. కునునుర్రా గడియారం గంటన్నర వెనక నడుస్తుంది కనుక, బయలుదేరిన సమయానికి అరగంట ముందే దిగుతాం! రెండు వేల సంవత్సరం ముంచుకొస్తోందని కంప్యూటర్లలో తేదీలు సరిచేస్తూ తిరిగే నాకు ఈ సంగతి భలే నచ్చింది.

అది రంజాన్ నెల. పని ఒత్తిడితో రోజూ ఆఫీసులోనే, ఒంటరిగా రోజా విడుస్తున్నాను. కునునుర్రాలో పనిపడి బయలుదేరేటప్పుడు నా భార్య నస్రీన్ చేతిలో డబ్బా పెట్టింది. అద్దె ఇంటి పెరట్లో ఎండిపోతున్న మామిడిచెట్టుకు ఏడాదంతా తను నీళ్లు పోస్తే కాసిన మొదటి పండ్లు, ముక్కలు కోసి పెట్టింది.

"వీటితోనే రోజా విడవాలి. మాటివ్వండి," అంది. ఇచ్చాను.

ఆరుంబావుకు చిన్న విమానం లేచింది. పక్కన నాతో పనిచేసే శ్రీనివాస్, వరంగల్ మనిషి. నాకు తోడుగా మధ్యాహ్నం నుంచి మంచినీళ్లయినా ముట్టలేదు. డార్విన్‌లో పొద్దు గూకేది ఏడూ పదికి. కాబట్టి ఆకాశంలోనే రోజా విడవొచ్చని లెక్క వేసుకున్నాను. ఏడూ పది కాగానే డబ్బా మూత మీద చెయ్యి వేశాను.

"భాయ్, కిటికీల ఇంకా ఎండనే ఉన్నది గదా!" అన్నాడు శ్రీనివాస్.

నిజమే. మేం పడమటికి, సూర్యుడి వెంటపడి పోతున్నాం. ఇంత ప్రోగ్రామర్ని, ఈపాటి సంగతి తట్టలేదు!

దిగేసరికి అక్కడ ఐదుముప్పావు. తనిఖీ బల్ల దగ్గర ఒక పెద్దావిడ డబ్బా తెరిపించింది. "పండ్లు మా రాష్ట్రంలోకి తేకూడదు, పురుగులు వస్తాయి. ఇక్కడే తినెయ్యండి, లేదా ఆ చెత్తడబ్బాలో వెయ్యండి."

డబ్బా నా వైపు లాక్కున్నాను. "తినలేనండీ. పొద్దు గూకేదాకా ఉపవాసం."

"ఎంతసేపు?"

"పది నిమిషాలు."

ఆమె అద్దాల తలుపులోంచి పడమటికి చూసింది. "పదే కదా, చూద్దాం."

మిగతావాళ్లంతా వెళ్లిపోయారు. చెత్తడబ్బా పక్కన ముగ్గురం నిలబడ్డాం. "సగం పోయాడు... అంచు మిగిలింది... పోయాడు!" అంటూ ఆమే చప్పట్లు కొట్టింది.

బిస్మిల్లా అని మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఆ తీపికి కళ్లు చెమర్చాయి. శ్రీనివాస్ ఆమెకు డబ్బా చాపాడు.

"డ్యూటీలో ఉన్నాను," అందామె.

"ఇక్కడనే తినాలన్నరు గని, ఎవరు తినాల్నో చెప్పలేదు గద మేడం!" అని తెలుగులో అనేసి, నాలుక కరుచుకుని ఇంగ్లిషులో మళ్లీ చెప్పాడు. ఆమె పడీపడీ నవ్వి రెండు ముక్కలు తీసుకుంది.

ఆ దారిన వెళ్లేవారికి నా సలహా: పండ్లు విమానంలోనే ముగించండి. రోజా ఉన్నవాళ్లు మాత్రం కిటికీలోంచి చూసుకోండి.

మర్నాడు పని ముగించి, ఎయిర్‌పోర్టు నుంచి నస్రీన్‌కు ఫోన్ చేసి కథంతా చెప్పాను.

"ఆవిడకి నచ్చాయా?" అదే తన మొదటి ప్రశ్న.

"రెండు ముక్కలు తింది."

"ఇంకో రెండు పండ్లు ముగ్గాయి. మీరొచ్చేదాకా కొయ్యకుండా ఉంచాను," అంది.

తిరుగు విమానం మూడున్నరకు. డార్విన్‌లో దిగేది ఆరింటికి. ఇంత చిన్న ప్రయాణం నేనెప్పుడూ చెయ్యలేదు, ఇంత సంతోషంగా తిరిగి వచ్చిందీ లేదు. విమానం తూర్పుకు మళ్లింది, సూర్యుడు వెనకబడ్డాడు. ఆ నెలలో మొదటిసారి, మా ఇంట్లో, నస్రీన్ పక్కన కూర్చుని రోజా విడవబోతున్నాను.