అన్నీ రాళ్ళేనన్న కొండ

ఆదివారం తెల్లవారకముందే లేచి, కొండెక్కబోయే భర్తకు రొట్టెల డబ్బా కట్టడం ఆమెకు ఇరవై రెండేళ్ళ అలవాటు. ఆయన పోయిన ఐదు నెలలకు, మొదటిసారి ఆ డబ్బా తనకోసం కట్టుకుంది.

ఆయన స్నేహితులు నలుగురూ ఆదివారాలు కొండెక్కడం మానలేదు. "నేనూ వస్తాను" అని ఆమె అంటే, వాళ్ళలో పెద్దవాడైన దర్జీ నీళ్ళు నమిలాడు.

"అక్కడేముంది వదినా, రాళ్ళు తప్ప?"

ఆమె భర్తదీ ఇన్నేళ్ళూ ఇదే మాట. అయినా ఆయన నడిచిన దారి ఒక్కసారి చూడాలనిపించింది ఆమెకు. కాదనలేకపోయారు.

వానలు తగ్గి ఎండ మెత్తబడిన రోజులు. రెండో మలుపు తిరగగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. వాలు పొడుగునా నడుమెత్తు పసుపుపచ్చటి పూలు, వాటి కింద గడ్డిలో దాక్కున్న ఊదారంగు గంట పూలు. కొన్ని అప్పటికే వాడి గింజ పట్టాయి. మిగిలినవి, ఇక తమకు రోజుల్లేవన్నట్టు విరగబూశాయి. తేనెటీగలు చలికి బద్ధకంగా పాకుతున్నాయి. ఆమె పూలలోకి నడిచింది. కడుపు నిండినట్టయింది. ఐదు నెలల్లో మొదటిసారి నవ్వింది కూడా.

బయటికి వచ్చేసరికి చీర కుచ్చిళ్ళ నిండా పసుపు రాసినట్టు పుప్పొడి. దర్జీ అలవాటు కొద్దీ సంచిలోంచి బట్టల బ్రష్షు తీశాడు.

"దులుపుకోండి వదినా. ఇంట్లో ఆడాళ్ళు పసిగట్టారంటే కొంప మునుగుతుంది."

"ఏం పసిగడతారు?"

దర్జీ నాలిక కరుచుకున్నాడు. వెనకనున్న, గడియారాలు రిపేరు చేసే స్నేహితుడు పకపకా నవ్వాడు.

"పూలున్నాయని తెలిస్తే మేమూ వస్తామని వెంటపడరూ! ఆ బ్రష్షు అన్న కొన్నదే వదినా. దిగేముందు మమ్మల్ని వరసగా నిలబెట్టి దులిపేవాడు, మహానుభావుడు!"

ఆమె మొహంలో నవ్వు ఎగిరిపోయింది. ఇరవై రెండేళ్ళు! పోయినవాడి చొక్కా పట్టుకుని నిలదీయడానికి లేదు. బతికున్నవాళ్ళు నలుగురున్నారు.

"వదినా, దణ్ణం పెడతా. మా ఆవిడతో అనకండి" అన్నాడు దర్జీ.

"నేనెందుకంటానయ్యా? నోరు విప్పితే ఒట్టు."

కొండ దిగాక ఆమె ఇంటికి పోలేదు. తిన్నగా దర్జీ ఇంటికెళ్ళి, గుమ్మంలో కూలబడి మంచినీళ్ళడిగింది. దర్జీ పెళ్ళాం గ్లాసు అందిస్తూ చీర వంక చూసింది.

"ఇదేంటక్కా, రాళ్ళకి పూలు పూశాయా?"

"మీ ఆయన్నడుగమ్మా."

వెనకాలే పరిగెత్తుకొచ్చిన దర్జీ, చేతిలో బ్రష్షుతో, మొహం పాలిపోయి వాకిట్లోనే నిలబడ్డాడు. ఆమె నీళ్ళు తాగి, ఇంకా మూడిళ్ళున్నాయని లేచింది. చీర దులుపుకోలేదు.