బాపు మరణ పత్రం కోసం మెదక్ వెళ్లిన రోజు

మొన్నీమధ్య మా ఎదురింటాయన పోయారు. కర్మలన్నీ అయ్యాక ఆయన కూతురు తోడు రమ్మంటే, రిటైరైన టీచరుకి అంతకంటే పనేముంది కనుక, చేతిసంచీ పట్టుకుని మెదక్ బస్టాండు దగ్గరి మీసేవకు వెళ్లాను. కౌంటర్లో కూర్చున్న పిల్ల కంప్యూటర్ మీంచి కళ్లెత్తకుండానే "ఇంట్ల పోయిండ్రా, దవాఖానలనా?" అని అడిగింది. దవాఖానలోనే అని ఈమె చెప్పింది. మేము చాయ్ తాగి వచ్చేలోపు కాగితం తయారైంది. ఆమె ఇంటికి వెళ్లిపోయింది గానీ నేను మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఒకప్పుడు మా ఇంట్లో ఆ ఒక్క ప్రశ్నా ఎవరూ ఎవరినీ అడగకుండా ఎన్నో ఏళ్లు గడిచాయి.

మాది రేగోడ్ దిక్కు పల్లె. నాన్నను మేము బాపు అనేవాళ్లం. నేను టీచరు ట్రైనింగులో ఉండగా బాపుకు కామెర్లు ముదిరితే, చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, జీపు కిరాయికి మాట్లాడుకుని మెదక్ దవాఖానలో చేర్చాడు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం అదే దారిన జీపు తిరిగొచ్చింది. దిగీ దిగకముందే చిన్నాయన "వదినా, ఊపిరున్నది, జల్ది నీళ్లు తే" అని అరిచాడట. బాపును ఎత్తుకొచ్చి నడింట్లో పడుకోబెట్టారు, అమ్మ ఆయన తల ఒళ్లోకి తీసుకుని తులసినీళ్లు నోట్లో పోసింది, ఆ తర్వాతే ఏడుపులు లేచాయి. కబురంది నేను చేరేసరికి అంతా అయిపోయింది. బయట పోయిన మనిషిని మా ఊళ్లో గడప దాటించరు, వాకిట్లోనే ఉంచి అటునుంచటే తీసుకెళ్తారు. తన మొగుడికి ఆ గతి పట్టలేదని, తన ఇంట్లో, తన చేతి నీళ్లు తాగి పోయాడని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. పెళ్లికి పోయినా, పత్తి ఏరబోయినా ఆ మాట చెప్పనిదే ఆమెకు తోచేది కాదు. అంత దుఃఖంలో ఆమెకు మిగిలిన ఊరట అదొక్కటే.

తర్వాత కొన్నేళ్లకు, నాకు ఉద్యోగం వచ్చాక, పొలం పట్టా అమ్మ పేరు మీదికి మార్పించాలని నేనే పట్టుబట్టాను. దానికి బాపు మరణ పత్రం కావాలన్నారు. ఊళ్లో పంచాయతీ లెక్కలు రాసే కారోబార్ రిజిస్టర్లన్నీ దుమ్ము దులిపి వెతికాడు. బాపుకు ముందు పోయినవాళ్లున్నారు, తర్వాత పోయినవాళ్లున్నారు, బాపు మాత్రం లేడు. నాకు కోపం ముక్కు మీద ఉండే రోజులవి, దానికి తోడు చదువుకున్నానన్న పొగరొకటి. ఊరంతా చూస్తుండగా పోయిన మనిషిని రాసుకోకుండా ఏం చేస్తున్నావని ఆయన్ని నానా మాటలూ అన్నాను. పాపం, ఆయన చెవి గోక్కుంటూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే చిన్నాయన నన్ను బావి దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, "ఆయననేమనకు బిడ్డా, నేనే రాపియ్యలే" అన్నాడు. బాపు మెదక్‌లోనే, డాక్టరు కళ్ల ముందే పోయాడట. ఆ చావును అక్కడే రాసుకున్నారట. అన్న తల ఒళ్లో పెట్టుకుని, ఈ మనిషిని వాకిట్లో ఎట్లా పడుకోబెట్టేది, వదిన చేతి నీళ్లన్నా దక్కకుండా ఎట్లా సాగనంపేది అని దారి పొడుగునా కుమిలిపోతూ వచ్చి, ఇల్లు కనబడగానే ఆ అబద్ధం ఆడేశాడట. చెబుతూ చెబుతూ తువ్వాల నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. "వదినకు ఎర్కైతే ఆమె మొఖం నేనెట్ల సూడాలె?" అన్నాడు. పత్రం తేవాలి, అమ్మకు సంగతి తెలియకూడదు. నాకు భయం పట్టుకుంది.

ముందు ఒక్కదాన్నే మెదక్ మున్సిపాలిటీకి పోయాను. బాపు పేరు దొరికింది గానీ, పత్రం ఇవ్వాలంటే దరఖాస్తు మీద భార్య వేలిముద్ర కావాలి, వెంటబెట్టుకు రమ్మన్నారు. ఇక దారి లేక అమ్మను బస్సెక్కించాను. మెదక్ ఎందుకని అడిగితే, చుట్టుపక్కల ఊళ్ల కాగితాలన్నీ అక్కడికే చేరతాయని చెప్పడానికి ఒక కథ కూడా అల్లి పెట్టుకున్నాను. అమ్మ అడగనే లేదు. కిటికీ పక్కన కూర్చుని ఎవరి మక్కజొన్న ఏపుగా ఉందో, ఎవరిది ఎండిపోయిందో చూసి చెబుతూ వచ్చింది.

ఆఫీసులో గుమాస్తా పెద్దవాడు, మర్యాదస్తుడు. చదువురానివాళ్లు వేలిముద్ర వేసేముందు రాసిందంతా పైకి చదివి వినిపించడం ఆయన పద్ధతి. మంచి పద్ధతే, ఇంకో రోజైతే మెచ్చుకునేదాన్ని. కళ్లతో సైగ చేశాను, నేనే చదివి చెబుతానన్నాను, అమ్మకు సరిగ్గా వినబడదని కూడా అన్నాను. దాంతో ఆయన గొంతు ఇంకా పెంచాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఆ తర్వాత చనిపోయిన చోటు మెదక్ సర్కారు దవాఖాన అని గది దద్దరిల్లేలా చదివాడు. అమ్మ ఆయన వంకే చూసి, "ఔ సారూ, గదే. ఏలు ఏడ వెయ్యాలె?" అంది.

బయటికొచ్చాక అమ్మే "ఆ దవాఖాన ఎటు దిక్కు, జర సూపియ్యి" అంది. ఇద్దరం నడిచి వెళ్లాం. లోపలికి రానంది. గేటు పక్కన గోడవారగా కూర్చుని, వచ్చేపోయే జనాన్ని చాలాసేపు చూసింది.

"నీళ్లు లోపటికి దిగలే బిడ్డా, పక్కకెల్లి కారినయ్. నాకు గప్పుడే ఎర్కాయె. కని మీ చిన్నాయన గజగజ వణుకుతుండె, ఆయనను సూసి ఊకున్న. నాకు తెల్సన్న సంగతి ఆయనతోని అనకు."

ఆ తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని, ఇన్నేళ్లూ ఎక్కడ కూర్చుని ఏడవాలో తెలియని ఏడుపంతా అక్కడ ఏడ్చింది. నేను పక్కన కూర్చుని ఆమె వీపు నిమురుతూ ఉండిపోయాను.

ఇంటికి చేరగానే చిన్నాయన ఎదురొచ్చి కళ్లతోనే అడిగాడు. ఆమెకు తెలియలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆయన ముఖంలోకి మళ్లీ కళ వచ్చింది. అమ్మ ఆయనకు మంచినీళ్లిచ్చి, దారిలో చూసిన మక్కచేల ముచ్చట మొదలుపెట్టింది. ఆ తర్వాత కూడా వచ్చినవాళ్లకు బాపు తన చేతి నీళ్లు తాగే పోయాడని ఆమె చెబుతూనే ఉండేది, చిన్నాయన పక్కన తలవంచుకుని వింటూనే ఉండేవాడు. ఎదుటి మనిషిని తామే కాపాడుతున్నామని ఎవరికి వారు అనుకుంటూ ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్లు పోయేదాకా ఆ రెండు రహస్యాలూ నా దగ్గరే ఉన్నాయి.

ఇప్పుడు ఆ బాధలేవీ లేవు. దవాఖానలో ఊపిరి ఆగిన కాసేపటికే వాట్సాప్‌లో ఫొటోతో సహా అందరికీ తెలిసిపోతుంది, అంబులెన్సు వీధి మలుపు తిరిగేసరికి టెంటు, కుర్చీలు సిద్ధంగా ఉంటాయి. పత్రాలు తొందరగా వస్తున్నాయి, మా అమ్మలాంటి వాళ్లు బస్సులెక్కి తిరిగే పని తప్పింది, మంచిదే. అయినా జీపు దిగుతూ ఊపిరి ఉందని అరిచిన చిన్నాయనకు వదిన మీద ఎంత ప్రేమ ఉండి ఉంటుందో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. నా రోజు వచ్చినప్పుడు నా వాళ్ల కోసం అట్లాంటి అబద్ధం ఆడే మనిషి ఎవరైనా మిగిలి ఉంటారా అనుకుంటాను. ఉన్నా లాభం లేదు, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, పాపం ఆ మనిషి మాట ఎవరూ నమ్మరు.